17 టైటిళ్ల లెక్క: స్టాన్‌ఫర్డ్ పురుషుల టెన్నిస్ జట్టు చరిత్రను ఎలా చదవాలి?

2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండ్‌లో నొవాక్ జొకోవిచ్ మీద నిశేష్ బసవరెడ్డి మొదటి సెట్‌ను 6-4తో గెలుచుకున్నప్పుడు, తెలుగువారు ఆ కుర్రాడి కుటుంబ మూలాలు నెల్లూరులో ఉన్నాయన్న సంగతిని ఆసక్తిగా చెప్పుకున్నారు. ఆ తర్వాతి మూడు సెట్లూ జొకోవిచ్‌వే అయ్యాయి గానీ, నిశేష్ పేరుతో పాటు స్టాన్‌ఫర్డ్ పేరు కూడా వార్తల్లో పదేపదే వినిపించింది. అంతకు నెల ముందు, అంటే 2024 డిసెంబరులో ప్రొఫెషనల్‌గా మారేవరకు అతడు కాలిఫోర్నియాలోని ఆ విశ్వవిద్యాలయం జట్టు సభ్యుడు.

ఆ జట్టు గురించి తెలుసుకుందామని వెతికినవారికి మొదట ఎదురయ్యేది అంకెల గందరగోళం. స్టాన్‌ఫర్డ్ పురుషుల జట్టు 17 సార్లు జాతీయ విజేత అని ఒకచోట ఉంటుంది. ఆధునిక పద్ధతి మొదలయ్యాక 15 సార్లు గెలిచిందని మరోచోట ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ టెన్నిస్‌కు 37 టైటిళ్లు ఉన్నాయని ఇంకొకచోట కనిపిస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో అన్నిటికంటే గొప్ప పురుషుల జట్టు ఇదేనని కొందరంటే, 21 టైటిళ్లున్న యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియా, అంటే యూఎస్‌సీ, ఉండగా అదెలా కుదురుతుందని మరికొందరు అడుగుతారు. వీటిలో తప్పుడు అంకె ఒక్కటీ లేదు. 37 సంగతి తేలిగ్గా తేలిపోతుంది: స్టాన్‌ఫర్డ్ మహిళల జట్టుకు విడిగా 20 టైటిళ్లున్నాయి, వాటిని పురుషుల 17కు కలిపితే వచ్చే మొత్తం అది. మిగిలిన అంకెల మధ్య తేడా తెలియాలంటే మాత్రం పోటీ ఎలా జరుగుతుందో, ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

కళాశాల టెన్నిస్‌లో జట్టు అంటే ఏమిటి?

అమెరికాలో విశ్వవిద్యాలయాల క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. అందులో పెద్ద క్రీడా విభాగాలున్న విశ్వవిద్యాలయాలు డివిజన్ వన్‌లో ఉంటాయి. ఈ వ్యాసంలో టైటిల్ అంటే డివిజన్ వన్ పురుషుల జట్టు టైటిల్ అని అర్థం. దీనికి సమాంతరంగా సింగిల్స్‌కూ డబుల్స్‌కూ వ్యక్తిగత టైటిళ్లు వేరే ఉంటాయి. విద్యార్థుల వ్యక్తిగత పోటీలు 1883 నాటికే మొదలై, తొలి దశాబ్దాల్లో తూర్పు తీరంలోని హార్వర్డ్, యేల్ వంటి విద్యాసంస్థల చేతుల్లో ఉండేవి. ఎన్‌సీఏఏ జట్టు టైటిళ్ల లెక్క మాత్రం 1946 నుంచి మొదలవుతుంది. 1942లో టెడ్ ష్రోడర్ స్టాన్‌ఫర్డ్ తరఫున సింగిల్స్ విజేతగా నిలిచి, అదే ఏడాది అమెరికా జాతీయ టైటిల్‌నూ, 1949లో వింబుల్డన్‌నూ గెలిచినా అతడి పేరు జట్టు లెక్కలో ఎక్కడా కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు రెండు విశ్వవిద్యాలయాలు తలపడితే దాన్ని డ్యూయల్ మ్యాచ్ అంటారు. ముందుగా మూడు డబుల్స్ పోటీలు ఒకేసారి మొదలవుతాయి. వాటిలో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు దక్కుతుంది. ఆ తర్వాత పక్కపక్కనే ఉన్న ఆరు కోర్టుల్లో ఆరు సింగిల్స్ పోటీలు ఆడతారు, ఒక్కోదానికి ఒక్కో పాయింటు. మొత్తం ఏడు పాయింట్లలో నాలుగు ముందుగా సాధించిన జట్టే విజేత. నాలుగో పాయింటు పడగానే మిగిలిన కోర్టుల్లో ఆట ఎక్కడున్నా సాధారణంగా అక్కడితో ఆపేస్తారు. టీవీలో గ్రాండ్‌స్లామ్‌లు చూసే అలవాటున్నవారికి ఇది వింతగా తోస్తుంది: ఒకటో కోర్టులో జట్టులోకెల్లా మేటి ఆటగాడు మూడో సెట్ ఆడుతుండగానే ఆరో కోర్టులో ఎవరికీ పేరు తెలియని కుర్రాడు కొట్టిన ఒక్క షాట్‌తో అందరూ కోర్టుల్లోకి పరుగెత్తుతారు. పైగా ఇక్కడ ప్రేక్షకులు మౌనంగా కూర్చోరు, పక్క కోర్టులో ఆడుతున్న సహచరుడు సైతం తన పాయింటుకూ పాయింటుకూ మధ్య గట్టిగా అరిచి ఉత్సాహపరుస్తాడు.

ఈ పద్ధతి కూడా మొదటినుంచీ ఇలాగే లేదు. పూర్వం డ్యూయల్ మ్యాచ్‌లో సింగిల్స్ ముందు, డబుల్స్ తర్వాత. ప్రతి డబుల్స్‌కూ విడిగా ఒక పాయింటు ఉండేది కాబట్టి మొత్తం తొమ్మిది పాయింట్లు, గెలవడానికి ఐదు కావాలి. 1990ల నుంచి ఏడు పాయింట్ల పద్ధతి వచ్చింది. 2014-15 సీజన్ నుంచి డబుల్స్‌ను ఒక్క సెట్‌కు కుదించి, స్కోరు 40-40కి చేరినప్పుడు ఒకే పాయింటుతో గేమ్ తేల్చే నో-యాడ్ నిబంధనను కూడా తెచ్చారు.

1977కు ముందు, తర్వాత: రెండు వేర్వేరు లెక్కలు

స్టాన్‌ఫర్డ్ చరిత్రను అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే ముఖ్యమైన మార్పు మాత్రం అంతకుముందే, 1977లో జరిగింది. అప్పటివరకు జట్ల మధ్య నాకౌట్ పోటీ అన్నది ఉండేది కాదు. వ్యక్తిగత సింగిల్స్, డబుల్స్ టోర్నమెంటులో ఒక విశ్వవిద్యాలయం ఆటగాళ్లు గెలిచిన మ్యాచ్‌లన్నిటికీ పాయింట్లు కలిపి, ఎక్కువ వచ్చినవారికి జట్టు టైటిల్ ఇచ్చేవారు. 1977లో 16 జట్లను పిలిచి నేరుగా డ్యూయల్ మ్యాచ్‌లు ఆడించడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ సంఖ్య 64.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ‘అ’ జట్టులో ఒకే ఒక్క మహా ఆటగాడు ఉన్నాడు, మిగిలినవారు సామాన్యులు. ‘ఆ’ జట్టులో మేటి అనదగినవారు లేరు గానీ ఆరుగురూ గట్టివారే. 64 మంది ఉన్న సింగిల్స్ డ్రాలో ‘అ’ జట్టు మేటి ఆటగాడు ఆరు రౌండ్లూ గెలిస్తే ఆరు పాయింట్లు. సహచరుడితో కలిసి 32 జంటల డబుల్స్‌ను కూడా గెలిస్తే మరో ఐదు. మిగిలినవారు చెరొకటి తెచ్చారనుకున్నా 12, 13 పాయింట్లవుతాయి. ‘ఆ’ జట్టు తరఫున నలుగురు తలా రెండు సింగిల్స్ గెలిచి, రెండు జంటలు చెరో డబుల్స్ గెలిస్తే వచ్చేవి 10. పాత పద్ధతిలో టైటిల్ ‘అ’ జట్టుది. అవే రెండు జట్లు ముఖాముఖి తలపడితే, ‘అ’ జట్టుకు ఒకటో నంబరు సింగిల్స్, ఒకటో డబుల్స్ తప్ప మరేమీ దక్కవు. తొమ్మిది పాయింట్ల పద్ధతిలో 7-2తోనూ, ఏడు పాయింట్ల పద్ధతిలో 6-1తోనూ ‘ఆ’ జట్టు సునాయాసంగా గెలుస్తుంది.

పాత పద్ధతిలో మేటి ఆటగాడి విలువకు హద్దు లేదు. కొత్త పద్ధతిలో నాలుగో, ఐదో, ఆరో స్థానాల్లో ఆడేవారు కూడా అతడితో సమానంగా లెక్కలోకి వస్తారు. ఇది మనసులో పెట్టుకుని టైటిళ్లను మళ్లీ విడదీస్తే చిత్రం వేరుగా కనిపిస్తుంది. యూఎస్‌సీకి ఉన్న 21లో 12 పాత పద్ధతివే, వాటిలో 1976 టైటిల్‌ను లాస్ ఏంజిలిస్‌లోనే ఉన్న మరో విశ్వవిద్యాలయం యూసీఎల్‌ఏతో పంచుకుంది. యూసీఎల్‌ఏకు ఉన్న 16లోనూ 12 పాతవే. స్టాన్‌ఫర్డ్‌కు పాత పద్ధతిలో వచ్చినవి 1973, 1974 టైటిళ్లు రెండే. మిగిలిన 15 డ్యూయల్ మ్యాచ్‌ల కాలానివి. మొత్తం లెక్కలో యూఎస్‌సీ మొదటిది, 1977 తర్వాతి లెక్కలో 15-9 తేడాతో స్టాన్‌ఫర్డ్ మొదటిది. ఏ లెక్క న్యాయమన్నదానికి ఇద్దరి దగ్గరా వాదన ఉంది. టైటిల్‌ను అది గెలిచిన కాలంనాటి నిబంధనల ప్రకారమే గౌరవించాలని యూఎస్‌సీ పక్షం అంటుంది, అది సబబైన మాటే. జట్టుగా ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు జట్లు నేరుగా తలపడిన ఫలితాలే జవాబన్న స్టాన్‌ఫర్డ్ పక్షం వాదన మాత్రం నాకు ఇంకొంచెం బరువుగా తోస్తుంది.

డిక్ గూల్డ్ నిర్మించినది

స్టాన్‌ఫర్డ్ గెలిచిన 17 టైటిళ్లూ ఒకే కోచ్ హయాంలో వచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లోనే చదివి, అక్కడి జట్టుకే ఆడిన డిక్ గూల్డ్ 1966లో కోచ్ బాధ్యతలు తీసుకుని 2004 వరకు కొనసాగాడు. అతడు వచ్చేనాటికి కాలిఫోర్నియాలో టెన్నిస్ అంటే లాస్ ఏంజిలిస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ మాత్రమే. 1960 నుంచి 1971 వరకు జరిగిన 12 టోర్నమెంట్లనూ ఆ రెండు జట్లే గెలుచుకున్నాయి. ఆ గోడను బద్దలు కొట్టడానికి అతడికి మొదటి ఏడేళ్లు పట్టింది. దేశంలో పేరున్న జూనియర్ ఆటగాళ్లలో ఒకడైన రోస్కో టానర్ టెన్నెసీ రాష్ట్రం నుంచి స్టాన్‌ఫర్డ్‌కు రావడం మలుపు. టానర్, శాండీ మేయర్ జంట 1972లో డబుల్స్ టైటిల్ గెలిచింది. టానర్ వెళ్లిపోయాక, 1973లో మేయర్ సింగిల్స్ విజేత కాగా తొలి జట్టు టైటిల్ కూడా వచ్చింది. మరుసటి ఏడాది సింగిల్స్ టైటిల్ జాన్ విట్లింజర్‌ది, జిమ్ డెలానీతో కలిసి డబుల్స్ కూడా అతడిదే. గూల్డ్ తర్వాత 2004లో కోచ్ కుర్చీలో కూర్చున్నది ఈ విట్లింజరే.

గూల్డ్ ప్రేక్షకులను కూడా ఒక వనరుగానే చూశాడు. బాస్కెట్‌బాల్ ఆడే మేపుల్స్ పెవిలియన్ లోపల టెన్నిస్ కోర్టు పరిపించి, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏలతో మ్యాచ్‌లను అక్కడ వేలమంది ముందు జరిపించాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఆడితే తనను చూసేవాళ్లుంటారని ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అనిపించడం, చదువుల్లో విశ్వవిద్యాలయానికి ఉన్న పేరు ఆ పైన ఉండటం, ఏడాది పొడవునా ఆరుబయట ఆడుకోగల వాతావరణం — ఈ మూడూ కలిసినచోటికి అమెరికా జూనియర్లలో మేటివారు వరుస కట్టారు.

వారిలో అందరికీ తెలిసిన పేరు జాన్ మెకన్రో. 1977లో 18 ఏళ్ల వయసులో క్వాలిఫయర్‌గా వింబుల్డన్‌కు వెళ్లి సెమీఫైనల్ దాకా ఆడి, ఆ శరత్కాలంలోనే స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు. వింబుల్డన్ సెమీఫైనలిస్టు తరగతి గదిలో కూర్చోవడం నేటి పాఠకుడికి నమ్మశక్యంగా ఉండదు గానీ, ఆ రోజుల్లో అదేమీ వింత కాదు. 1978లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో జరిగిన సింగిల్స్ ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్‌కు చెందిన జాన్ సాద్రిని అతడు 7-6, 7-6, 5-7, 7-6తో ఓడించాడు. నాలుగు సెట్లలో మూడు టైబ్రేక్‌తో తేలాయి, మిగిలిన మూడో సెట్‌ను మెకన్రో పోగొట్టుకున్నాడు. అదే ఏడాది జట్టు కూడా విజేత అయింది, ఆ తర్వాత అతడు ప్రొఫెషనల్‌గా మారాడు.

ఇలా మేటి ఆటగాడు ఒకటి, రెండేళ్లకే వెళ్లిపోవడం ప్రతి కోచ్‌కూ తలనొప్పే. మెకన్రో వెళ్లిన మరుసటి ఏడాది, 1979లో, టైటిల్ యూసీఎల్‌ఏకు పోయింది. 1980, 1981ల్లో తిరిగి స్టాన్‌ఫర్డ్‌కు వచ్చింది. 1981లో సింగిల్స్ గెలిచిన టిమ్ మేయట్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రజతం సాధించాడు. టైటిళ్లు వచ్చిన సంవత్సరాలను వరసగా రాసి చూస్తే ఒక విషయం కళ్లకు కడుతుంది: 1973 నుంచి 2000 వరకు గడిచిన 28 ఏళ్లలో వరుసగా మూడేళ్లు టైటిల్ లేకుండా పోయిన సందర్భం ఒక్కటీ లేదు. అంటే ఆ కాలంలో మూడేళ్లపాటు స్టాన్‌ఫర్డ్‌కు ఆడిన ఏ ఆటగాడైనా, ఆరో నంబరులో ఆడినవాడైనా సరే, కనీసం ఒక జాతీయ టైటిల్ చూశాడు. కొత్తవారిని చేర్చుకునేటప్పుడు ఇంతకన్నా బలమైన మాట ఏ కోచ్ చెప్పగలడు?

1998 జట్టు ఈ పద్ధతికి పరాకాష్ఠ. బాబ్, మైక్ బ్రయన్ సోదరులు, పాల్ గోల్డ్‌స్టీన్ ఉన్న ఆ జట్టు ఆడిన 28 డ్యూయల్ మ్యాచ్‌లూ గెలిచింది. బాబ్ సింగిల్స్ గెలిచి, మైక్‌తో కలిసి డబుల్స్ కూడా గెలవడంతో ఒకే ఏడాది మూడు టైటిళ్లు అతడి ఖాతాలో పడ్డాయి. 1992లో అలెక్స్ ఒబ్రయన్ ఇదే ఘనత సాధించాడు, అతడిదీ స్టాన్‌ఫర్డే. బ్రయన్ సోదరులు ఆ తర్వాత 16 గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు గెలిచారు. 1995 నుంచి 1998 వరకు నాలుగేళ్లూ జట్టులో ఉండి నాలుగు టైటిళ్లూ అందుకున్న గోల్డ్‌స్టీన్, 2014లో విట్లింజర్ స్థానంలో కోచ్ అయ్యాడు.

26 ఏళ్లు, నాలుగే జట్లు

అయితే ఈ ఆధిపత్యాన్ని ఒక్క గూల్డ్ ప్రతిభగానే చూడవచ్చా? 1977 నుంచి 2002 వరకు జరిగిన 26 టోర్నమెంట్లను తీసుకుంటే స్టాన్‌ఫర్డ్ 15, జార్జియా 4, యూఎస్‌సీ 4, యూసీఎల్‌ఏ 3 గెలిచాయి. అక్కడితో 26 పూర్తయ్యాయి. దేశమంతటా వందలాది జట్లుండగా నాలుగింటికి మించి ఎవరికీ టైటిల్ దక్కలేదు. అంటే అది స్టాన్‌ఫర్డ్ కాలమే కాదు, కొద్దిమంది చేతుల్లో ఉన్న కాలం కూడా.

2003లో ఇల్లినాయ్ ఓటమి లేకుండా సీజన్ ముగించి ఆ తలుపు తెరిచింది. భారత సంతతికి చెందిన రాజీవ్ రామ్ ఆ జట్టు సభ్యుడు. 2004లో బేలర్, 2006లో పెపర్‌డైన్ గెలిచాయి. 2013 నుంచి వర్జీనియా ఆరు టైటిళ్లు పోగేసింది. స్టాన్‌ఫర్డ్‌కు మాత్రం 2000 తర్వాత 2025 వరకు జట్టు టైటిల్ రాలేదు. 2010లో బ్రాడ్లీ క్లాన్ సింగిల్స్ విజేత కావడం వంటి వ్యక్తిగత విజయాలున్నాయి, అంతే.

ఎందుకు ఆగిపోయింది? మూడు వాదనలు

మొదటి వాదన గూల్డ్ చుట్టూ తిరుగుతుంది: అతడు వెళ్లాడు, టైటిళ్లు ఆగాయి. కానీ తేదీలు దీన్ని పూర్తిగా సమర్థించవు. గూల్డ్ చివరి నాలుగు సీజన్లు, 2001 నుంచి 2004 వరకు, టైటిల్ లేకుండానే గడిచాయి. 1973 తర్వాత అంత ఎడం రావడం అదే మొదటిసారి, అప్పటికి కోచ్ మారలేదు.

రెండో వాదన ఆటగాళ్ల దారి మారడం గురించినది. 1970ల్లో మేటి జూనియర్ ఒకటి రెండేళ్లు కళాశాలలో ఆడి వెళ్లేవాడు. 1990ల నాటికి పీట్ సంప్రాస్, ఆండ్రీ అగస్సీ వంటివారు కళాశాల ముఖం చూడకుండానే ప్రొఫెషనల్స్ అయ్యారు. స్టాన్‌ఫర్డ్ బలమంతా అమెరికా మేటి జూనియర్లను అందరికంటే ముందు రప్పించుకోవడంలో ఉంది కనుక, ఆ ఊట సన్నగిల్లినప్పుడు ఎక్కువ నష్టం దానికే జరిగిందన్నది వీరి లెక్క.

మూడో వాదన విదేశీ ఆటగాళ్లది. ఇప్పుడు డివిజన్ వన్ పురుషుల టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీయులే. చెన్నైలో పెరిగిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియాకు ఆడి 2007, 2008ల్లో వరుసగా సింగిల్స్ టైటిల్ గెలిచాడు. మన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయంలో ఆడాడు. 2014 ఆసియా క్రీడల్లో అతడితో కలిసి డబుల్స్ రజతం గెలిచిన సనమ్ సింగ్ కూడా వర్జీనియా విద్యార్థే. ఒక చురుకైన కోచ్ ప్రపంచమంతా గాలించి రెండు మూడేళ్లలో బలమైన జట్టును కూర్చగలిగితే, స్టాన్‌ఫర్డ్‌కున్న పేరు, వాతావరణం మునుపటంత పైచేయి ఇవ్వవు. దీన్ని అమెరికా కుర్రాళ్లకు అన్యాయమని విమర్శించేవారున్నారు, వారి చోట్లు తగ్గాయన్నది నిజమే. బయటివారి రాకతో ఆట స్థాయి పెరిగి, కళాశాల నుంచి ప్రొఫెషనల్ టెన్నిస్‌కు వెళ్లే దారి మళ్లీ బతికిందనేవారూ ఉన్నారు, అదీ నిజమే. స్టాన్‌ఫర్డ్ కూడా ఈ దారికి దూరంగా లేదు: జూనియర్లలో ప్రపంచ నంబర్ వన్ అయిన అర్జెంటీనా ఆటగాడు అక్సెల్ గెల్లర్, బ్రిటన్‌కు చెందిన ఆర్థర్ ఫెరీ ఇక్కడే ఆడారు. 2021లో వింబుల్డన్ జూనియర్ విజేత అయిన సమీర్ బెనర్జీ, నిశేష్‌లను చూస్తే అమెరికా జూనియర్లు రావడం కూడా ఆగలేదని తెలుస్తుంది. అందుకే ప్రవేశాలు కఠినం కాబట్టి స్టాన్‌ఫర్డ్ వెనకబడిందనే వాదనను ఒంటరిగా నమ్మడం కష్టం; 1998లోనూ ప్రవేశాలు తేలికేమీ కాదు.

డబ్బు నిబంధనలు, కొత్త పటం

చాలాకాలం డివిజన్ వన్ పురుషుల టెన్నిస్ జట్టుకు 4.5 స్కాలర్‌షిప్‌లే అనుమతించేవారు. మహిళల జట్టుకు ఎనిమిది. స్త్రీ పురుషులకు సమాన అవకాశాలు కల్పించాలన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద, వందమంది దాకా ఉండే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సరితూగేలా సంఖ్యలను సర్దుకోవడంలో పురుషుల చిన్న క్రీడలకు కోత పడింది. 4.5ను కోచ్ ముక్కలు చేసి పంచుకోవాలి: ఒకరికి పూర్తిగా ఇస్తే, మిగిలిన మూడున్నరతో ఏడుగురికి సగం సగం ఇవ్వవచ్చు. సగం ఫీజు కట్టుకోగల కుటుంబాల పిల్లలకే ఇది అనుకూలమన్న విమర్శ చాలాకాలంగా ఉంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందంతో (కళాశాల క్రీడాకారుల చెల్లింపులపై నడిచిన దావాలో కుదిరిన రాజీ ఇది), అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు ఈ పరిమితి పోయి, దాని స్థానంలో జట్టులో పదిమందికి మించి ఉండరాదన్న పరిమితి వచ్చింది. పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి నిబంధన అడ్డు కాదు. అయితే ఆ డబ్బు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌తో పోటీపడి రావాలి.

వ్యక్తిగత సింగిల్స్, డబుల్స్ పోటీలను 2024 నుంచి వసంతం నుంచి శరత్కాలానికి మార్చారు. జట్టు టోర్నమెంటు ముగిసిన వెంటనే అలసిన కాళ్లతో సింగిల్స్ ఆడాల్సిన అవసరం దీంతో తప్పింది గానీ, ఒకే మే నెలలో మూడు టైటిళ్లు గెలిచే అవకాశమూ పోయింది.

పటం కూడా మారింది. తరతరాలుగా యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, స్టాన్‌ఫర్డ్ ఒకే పశ్చిమ తీర కూటమిలో ఉండి ఏటా తలపడేవి. 2024లో ఆ పాక్-12 కూటమి చెదిరిపోయి, లాస్ ఏంజిలిస్ జట్లు రెండూ బిగ్ టెన్ కూటమిలో చేరాయి, స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరపు ఏసీసీకి వెళ్లింది. ఆ కూటమిలో ఇప్పుడు దానికి ప్రత్యర్థులైన వర్జీనియా, వేక్ ఫారెస్ట్ జట్లు 2018 నుంచి 2025 వరకు (2020లో పోటీ జరగలేదు) జరిగిన ఏడు జాతీయ టోర్నమెంట్లలో నాలుగింటిని గెలుచుకున్నవి.